మూలగది ప్రింటర్

"తాళాలన్నీ నీ దగ్గర పెట్టుకుని, దొంగెవరో తెలియదంటే ఎలా?"

పొద్దుటి నుంచి భర్త ఇదే మాట తిప్పి తిప్పి అంటున్నాడు. ఇక కోడలు గరిటెను గిన్నెలోకి విసిరేసి వెనక్కి తిరిగింది.

"తెలియదనలేదండీ. తెలుసుకోనివ్వమంటున్నాను. మీ అరుపులు ఆగితే కదా నేను పని చేసుకునేది!"

ఆ ఇంటి ముందు భాగం లాండ్రీ, వెనక భాగం కాపురం. బట్టలు తీసుకెళ్ళమని జనం వెబ్‌సైట్‌లో ఆర్డర్లు పెడతారు. ఆ వెబ్‌సైట్ కోడలు రాసిందే. అందులో ఎవరికి ఏది కనిపించాలో చూసేదీ ఆమే. డ్రైవరుకి చిరునామాలు, భర్తకు బిల్లులు, అత్తగారికి కస్టమర్లు రాసే మంచీచెడూ. మామగారు మాత్రం "యజమానిని నేను, నాకేం దాస్తావు?" అని గొడవపడి అన్ని అధికారాలూ తీసుకున్నారు. తీసుకున్నాక ఆ పేజీ తెరవడం కూడా ఆయనకు చేతకాదని ఇంట్లో నవ్వుకుంటుంటారు.

మనుషులకు పాస్‌వర్డులున్నట్టే, ఆర్డర్ల చీటీలు అచ్చేసే ప్రింటర్ లాంటి మిషన్లకు ఏపీఐ కీలున్నాయి. బారెడు పొడవున అర్థంపర్థం లేని అక్షరాలు. ఆ అక్షరాలు ఏ కంప్యూటర్‌లో పెడితే ఆ కంప్యూటర్‌కి ఆర్డర్లు కనిపిస్తాయి.

ఈ రభసకంతటికీ కారణం అత్తగారు చదివిన ఒక మెచ్చుకోలు. 'మడతలు ముచ్చటగా ఉన్నాయి' అని వంతెన అవతల నుంచి ఎవరో రాశారు. వీళ్ళ బండి వంతెన దాటి చాలా కాలమైంది. "ఆ వైపు చక్రం తిరిగిందా, బండి అమ్మిపారేస్తా" అని మామగారి ఆజ్ఞ. అక్కడి ఆర్డర్లన్నీ 'కుదరదు' అన్న గంపలో పడుతుంటాయి. ఆ గంపలోంచి ఎవరో చల్లగా ఏరుకుంటున్నారు.

"ఏ కీతో ఏరుతున్నారో దొరికింది. దాని పేరు 'మూలగది ప్రింటర్' అనుంది" అంది కోడలు.

"అది పాడైపోయిందని పారేశాం కదే!" అన్నారు అత్తగారు.

"ప్రింటర్‌ని పారేశాం అత్తయ్యా. కీ బతికే ఉంది."

"ఇంకెవరు? వాడే!" భర్త బల్ల మీద చరిచాడు. "వంతెన అవతల మడతలు అంత ముచ్చటగా పెట్టేవాడు ఇంకెవడున్నాడు? మన దగ్గర ఇస్త్రీ నేర్చుకుని, మన పిల్లనే లేపుకుపోయిన..."

"ఆ ఊసెత్తావంటే ఊరుకోను!" మామగారి కేకకు ముందు గదిలో బట్టలు లెక్కపెడుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. "నా ఇంట్లో వాళ్ళ పేర్లు వినబడకూడదని చెప్పానా లేదా?"

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగారు. కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఆడపడుచు ఇల్లు విడిచిన రోజున ఆ పిల్ల లాగిన్‌ని తన చేతే తీయించారీయన. పక్కనే నిలబడి, ఎక్కడ నొక్కుతున్నావు, దేన్నుంచి ఏది తెరుచుకుంటుంది, నిజంగా పోయిందా అని అడిగి మరీ తీయించారు. కన్నకూతురి మీద అంత కక్షా!

"ఇప్పుడు ఆ కీ ఆపేస్తున్నాను. ఎవరి పని ఆగిపోతే వాళ్ళే అరుస్తారు. మా పనిలో ఇదో పద్ధతి" అని నొక్కేసింది.

మధ్యాహ్నం దాటినా ఎవరూ అరవలేదు. మామగారు మాత్రం మాటిమాటికీ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డారు.

"నెట్ ఉందా?"

"ఉంది మామయ్యా."

"ఆర్డర్లు వస్తున్నాయా?"

"వస్తున్నాయి."

"అన్నీనా?"

తన మీదే కాపలా కాస్తున్నారనిపించి ఆమె పళ్ళు నూరుకుంది.

సాయంత్రం భోజనాల దగ్గర భర్త మళ్ళీ మొదలుపెట్టాడు. "రేపు పోలీసులకు చెబుతాను. ఈ వెబ్‌సైట్ పని కూడా బయటివాళ్ళకి అప్పగిస్తాను. ఇంట్లోవాళ్ళ చేతిలో పెడితే ఇలాగే ఏడుస్తుంది."

"అప్పగించండి!" అంది ఆమె. "నేను రాసుకున్నది, కంటికి రెప్పలా చూసుకున్నది ఎవడికో ఇచ్చేయండి. రేపు ఆ బయటివాడు మీ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసని అడుగుతాడు. వీధిలో నిలబడి డ్రైవరుకి కేకేసి చెప్పాను కాబట్టి వీధంతటికీ తెలుసని చెప్పండి."

భర్త ముఖం కందగడ్డలా అయింది. "నాన్నా, విన్నావా దీని మాటలు? రేపు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళకపోతే..."

"పోలీసులేంట్రా పోలీసులు!" మామగారు కసిరారు. "ఇల్లు బజారున పెడతావా?"

ఆయన జేబులో ఫోను మోగింది. నొక్కేశారు. మళ్ళీ మోగింది. ముద్ద ముట్టని కంచాన్ని పక్కకు జరిపి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. అవతలి మాటలు చాలాసేపు విన్నారు.

"చూస్తాలే, ఏడవకు" అని పెట్టేశారు.

"ఎవరు నాన్నా?"

మామగారు కోడలి వైపు తిరిగారు. పొద్దుటి నుంచి ఇల్లెగరగొట్టిన గొంతేనా అన్నట్టు మెల్లగా అన్నారు.

"అమ్మా, ఆ మూలగది ప్రింటర్‌ని మళ్ళీ పెట్టు."

"ప్రింటరే లేదు కదా మామయ్యా. ఆ కీ ఇంకెవరి దగ్గరో ఉంది."

"తెలుసు."

ఆయన భార్యను చూశారు, కొడుకును చూశారు.

"ఈసారి దాని మీద నా కూతురి పేరు రాయి."