ఒకే ఇంటిపేరు

“వంగోళ్ల పిలగానికి వంగోళ్ల పిల్లను ఇస్తరార? చెల్లె అయితదిరా నీకు!” అంకుశం కేకకు కింద బట్ట నేసే సాంచాల చప్పుడు కూడా చిన్నబోయింది.

కొడుకు శుభమ్ తగ్గలేదు. “బాపూ, మా కాలేజ్ల పాటిల్ పోరడు పాటిల్ పోరినే చేసుకున్నడు. సర్‌నేమ్ ఒక్కటైతే క్యా ఫరక్ పడ్తా? నేను కోమల్‌ను తప్ప ఎవల్నీ చేసుకోను.”

“గది వాళ్ల లెక్క. మనకు ఒక్క ఇంటిపేరంటె ఒక్క నెత్తురే!”

ఆ మాట అంకుశం భీవండిలోని నాగావ్ కులసంఘంలో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. అధ్యక్షుడి హోదాలో ఇట్లాంటి సంబంధాలు రెండు చెడగొట్టాడు కూడా. ఇప్పుడు సొంత కొడుకు కళ్లలో నీళ్లు చూసేసరికి ప్రాణం ఉసూరుమంది.

భార్య జమున గుర్రుగా చూసింది. “ఇగనన్న నిజం చెప్పు,” అంది.

ఆ సాయంత్రమే ముగ్గురూ కోమల్ వాళ్లింటికి వెళ్లారు. కోమల్ మంచినీళ్లిచ్చి, తండ్రి కనుకయ్య వెనక నిలబడింది.

“అన్నా, నేను అసలు వంగోన్నే కాదు,” అన్నాడు అంకుశం తలొంచుకొని. “భీవండికొచ్చిన కొత్తల రేషన్ కార్డు కోసం సాంచాల ఓనర్ వంగ చిన్నయ్య సేటు నన్ను ఆయన తమ్మునిగ రాయించిండు. గదే ఇంటిపేరు పిల్లల బడిల గూడ పడ్డది. కిరాయి పేరు పెట్టుకొని, మీసం మెలేసి అందరికి నీతులు చెప్పిన. నా అసువంటి జోకర్ ఇంకొకడు ఉండడే.”

కనుకయ్య పక్కున నవ్వాడు. “తమ్మీ, గా సేటు నన్ను అన్నగ రాయించిండు!”

“ఓరి నీ! నిన్ను సేటుకు సొంత అన్న అనుకొని ఇన్నేండ్ల సంది దండం పెడ్తున్న గదనే!”

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. అన్నా, తమ్మీ పోయి బావా అన్న పిలుపులు మొదలయ్యాయి. జమున అందరి నోట్లో చక్కెర పోసింది. కోమల్ అంకుశాన్ని “మామా” అని పిలిచి సిగ్గుపడింది. అంకుశానికి ఆ పిలుపు ఎంతో బాగుంది.

శుభమ్ ఇక ఆగలేక పెన్ను తీశాడు. “లగ్గం పత్రికల నకిలీ పేర్లు నై చల్తా. అసలు ఇంటిపేర్లు చెప్పుండ్రి.”

వియ్యంకులిద్దరూ ఒక్కసారే చెప్పారు: “కూరపాటి.”