నలభయ్యో ఫైలు

"ఫోను ఎవరికి పెద్దమ్మా?" అడిగింది శ్రీవిద్య.

"నాకే," అంది అప్పయమ్మ.

సుపేలా మార్కెట్‌లోని ఆ మొబైల్ షాపులో శ్రీవిద్యది ఫైనాన్స్ కౌంటరు. వడ్డీ లేని వాయిదాల మీద ఫోను కొనాలంటే ముందు ఆమె దగ్గర కూర్చోవాలి. ఎదురుగా ఉన్న ముసలామెకి అరవై దాటి ఉంటాయి. వెలిసిపోయిన నూలు చీర. ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు. కొంటున్నది ఇరవై ఎనిమిది వేల ఫోను. దాని వైపు ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. పక్కన నిలబడ్డ ముప్పై ఏళ్ల మనిషి మాత్రం దాన్ని చేతిలోంచి వదలడం లేదు.

"మీరెవరు భయ్యా?"

"అనిల్‌కుమార్. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. మరోదా బస్తీలో ఆంటీ వాళ్లది మా పక్కిల్లే, తోడొచ్చాను. కొంచెం జల్దీ చెయ్యండి దీదీ, సెకండ్ షిఫ్టుకి వెళ్లాలి."

అప్పయమ్మ బటన్ ఫోనుకి ఓటీపీ వచ్చింది. ఆమె చెయ్యి చాపేలోపు అతనే ఫోను తీసుకుని అంకెలు చదివాడు. శ్రీవిద్య టైపు చేసింది. అప్పయమ్మ పాత కొనుగోళ్లన్నీ తెర మీదికి వచ్చాయి.

రెండేళ్లలో నాలుగు ఫోన్లు. నాలుగూ నాలుగు షాపుల్లో. ఒక్క వాయిదా కూడా ఒక్క రోజు ఆలస్యం కాలేదు. ఇది ఐదోది.

శ్రీవిద్య వేళ్లు ఆగిపోయాయి.

ఆ రోజు నెలాఖరు. మధ్యాహ్నం రెండింటికి లెక్క మూసేస్తారు. ఆ నెల ఆమె చేసిన వాయిదాల ఫైళ్లు ముప్పై తొమ్మిది. నలభై కాకపోతే రేపటి నుంచి రానక్కర్లేదని మేనేజర్ రమాకాంత్ పొద్దున్నే చెప్పాడు. గడియారంలో ఒంటిగంటా నలభై. షాపులో వాయిదాల మీద కొనేవాళ్లు ఇంకెవరూ లేరు.

"భయ్యా, లైవ్ ఫోటో తియ్యాలి. కస్టమర్ ఒక్కరే ఉండాలి. మీరలా దూరంగా నిలబడండి," అంది. అలాంటి రూలేమీ లేదు.

అతను ఇష్టం లేకుండానే టీవీల వైపు వెళ్లాడు. వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూశాడు.

శ్రీవిద్య గొంతు తగ్గించింది. "పెద్దమ్మా, టెన్షన్ పడకండి. ఇంతకుముందు కొన్న నాలుగు ఫోన్లు ఏవి?"

"ఉన్నాయి."

"ఎక్కడ?"

"పిల్లల కాడ."

"మీకెంతమంది పిల్లలు?"

"నాకు పిల్లల్లేరమ్మా. మా బస్తీలో కుర్రోళ్లు. ఆంటీ, ఆంటీ అని నా ఎనకే తిరుగుతారు."

"మరి వాయిదాలు?"

"పేరు నాదయ్యాక నానే కట్టాలి గదా." అప్పయమ్మ విసుగ్గా కుర్చీలో కదిలింది. "ఏటమ్మా ఇన్ని ప్రశ్నలు? ఫోటో తీసీ. ఆడు కంగారు పడతన్నాడు."

ఫోటోకి ఏం చెయ్యాలో చెప్పకుండానే ఆమె కెమెరాలోకి సూటిగా చూసి, రెండుసార్లు కళ్లార్పింది. ఎంత బాగా నేర్పించి తెచ్చారో అనుకుంది శ్రీవిద్య. ఒళ్లు మండిపోయింది.

రమాకాంత్ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. "అప్రూవల్ వచ్చేసింది కదా. ఇంకా ఏం చూస్తున్నావ్?"

"సార్, ఈమెకి ఎవరూ లేరు. బస్తీలో వాళ్లంతా ఈమె పేరు మీద ఫోన్లు తీయించుకుంటున్నారు. కట్టేది ఈమె."

"కడుతోందా లేదా?"

"కడుతోంది."

"కంపెనీకి లేని నొప్పి నీకెందుకు? ఇది నలభయ్యోది. బటన్ నొక్కు, రేపు కూడా ఇదే కుర్చీలో కూర్చో."

తెర మీద రెండు బటన్లున్నాయి. పచ్చది నొక్కితే ఫైలు పాస్. ఎర్రదాని పక్కన 'వాడేది వేరే వ్యక్తి' అని ఉంది. అది నొక్కితే మూడు నెలల దాకా ఈ ఫైనాన్స్ కంపెనీ ఏ షాపులోనూ అప్పయమ్మకి ఫోను ఇవ్వదు.

శ్రీవిద్య ఎర్రది నొక్కింది.

టీవీల దగ్గర్నుంచి అనిల్‌కుమార్ పరుగున వచ్చాడు. తెర చూసి అతని మొహం పాలిపోయింది. "ఇదేంటి దీదీ? ఏం చేశారు?"

"పోలీసులకి ఫోన్ చెయ్యలేదు, సంతోషించండి. ఫోను కావాలంటే మీ పేరు మీద కొనుక్కోండి."

అతను ఏదో అనబోయి, అప్పయమ్మని చూసి ఆగిపోయాడు.

"ఐడీ కార్డు టేబుల్ మీద పెట్టి వెళ్లు," అన్నాడు రమాకాంత్. కోపంగా కూడా అనలేదు.

శ్రీవిద్య మెడలో కార్డు తీసి పెట్టింది. "పెద్దమ్మా, ఇకమీద ఎవరు బతిమాలినా మీ ఆధార్ ఇవ్వకండి," అంది.

అప్పయమ్మ ఆమెని కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. లేచి వెళ్లిపోయింది. ఆమె వెనకే అనిల్‌కుమార్.

శ్రీవిద్య బ్యాగు సర్దుకుంది. టిఫిన్ డబ్బా అందులో పెట్టుకుంది. ఉద్యోగం పోయింది. అయినా తప్పు చేశానని అనిపించలేదు. ఒక ముసలామె గట్టెక్కింది, చాలు అనుకుంది.

బయటికి వస్తే మెట్ల దగ్గర వాళ్లిద్దరూ ఇంకా నిలబడే ఉన్నారు. అనిల్‌కుమార్ బతిమాలుతున్నాడు. శ్రీవిద్య అద్దాల తలుపు పక్కనే ఆగిపోయింది. అతను మళ్లీ ఒత్తిడి చేస్తే అడ్డం వెళ్దామని.

"అలా అనకండి ఆంటీ. రెండు వాయిదాలు తప్పాక నాకు ఏ కంపెనీ ఇవ్వడం లేదని మీకు తెలుసు కదా. మీరే దిక్కు."

"ఏడవకు. పవర్ హౌస్ బజార్లో ఇంకో కంపెనీ ఉంది, పద," అంది అప్పయమ్మ ఆధార్ కార్డు కవర్లో పెట్టుకుంటూ. "వడ్డీ లేకుండా ఇచ్చేది ఆళ్లు నాకు. నాను నీకు నెలకి నూటికి నాలుగన్నాను గదా, ఆ పిల్ల పెట్టిన తిప్పలకి ఇప్పుడు ఐదు."