అరిసెలు పంచిన ఇల్లు

"బుగ్గల లోపల తెల్ల మచ్చలు, జ్వరం, కారే ముక్కు?"

"తట్టు," అంది ఇంద్రజ.

"డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తుంటే?"

"నిమోనియా. క్షణం ఆగకుండా ఆసుపత్రికి పంపాలి."

ఎల్లుండే స్టాఫ్ నర్సు పరీక్ష. రాజమండ్రిలో ఇంద్రజతో కలిసి నర్సింగు చదివిన రెబెక్కా ఇప్పుడు భీమవరంలోనే, రెండు వీధుల అవతల కాపురం ఉంటోంది. పిల్లల వైద్యం పాఠాలు ఇద్దరూ కలిసి ఒకసారి తిరగేద్దామని పుస్తకం పట్టుకుని వచ్చింది. అడగడం ఆమె వంతు, అప్పజెప్పడం ఇంద్రజ వంతు.

"సరే, ఇక ఎదుగుదల. బోర్లా పడేది?"

"అయిదో నెలలో."

"పాకేది?"

"తొమ్మిదో నెలలో."

"నడిచేది?"

"ఏడాదికి." ఇంద్రజ గది తలుపు వైపు చూసింది.

రెబెక్కా పకపకా నవ్వింది. "నిన్ను అడగడమేంటే నా పిచ్చి కాకపోతే! అయిదో నెలలో బోర్లా పడ్డాడని బొబ్బట్లు పంపారు. తొమ్మిదో నెలలో గడప దాటాడని గారెలు. ఏడాది నిండీ నిండగానే అడుగులకి అరిసెలు. మీవాడు కడుపులో ఉండగానే ఈ పుస్తకం చదివేసినట్టున్నాడు!"

వంటింట్లోంచి అత్తగారు నాగరత్నం తొంగిచూసింది. "ఏ నెలకి ఏం వండాలో మా కోడలే చెబుతుందమ్మా. నర్సు కదా! మా కొట్టుకొచ్చే వాళ్లందరూ మావాడి గురించే మాట్లాడుకుంటారు."

ఇంద్రజకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ గొప్పలు మొదలెడితే కోడలు తల దించుకోవడం ఆ ఇంట్లో కొత్త కాదు.

రెబెక్కా నవ్వు ఆపి పుస్తకం మూసేసింది. "మా పాపదీ మీవాడి ఈడే. ఇంకా నడవలేదే."

"పద్దెనిమిది నెలల దాకా చూడొచ్చు. పుస్తకంలోనే ఉంది కదా."

"పుస్తకం ఎవరిక్కావాలి? మీ అరిసెలు తిన్న రోజు నుంచీ మా అత్తయ్యగారు పాపని గోడకి ఆనించి నిలబెడుతున్నారు. కూలబడితే తొడపాశం. నిన్న పడి పెదవి చిట్లింది." రెబెక్కా కొంగుతో కళ్లొత్తుకుంది. "ఏడుస్తుంటే నేనూ ఒకటి వేశానే. ఇంద్రజ కొడుకు నడుస్తుంటే నీకేం రోగమని."

ఇంద్రజ సిగ్గుతో చితికిపోయింది. పిల్లల్ని పోల్చుకోకండమ్మా అని వార్డులో ఎందరో తల్లులకి చెప్పిన నోరు ఇది!

"ఒక్కసారి వాణ్ణి నడిపించవే, కళ్లారా చూసి వెళ్తాను," అంటూ రెబెక్కా సంచిలోంచి కీచుమనే బుల్లి బూట్లు తీసింది.

నాగరత్నం గబగబా వచ్చి గది తలుపుకి అడ్డం నిలబడింది. "పడుకున్నాడమ్మా! అయినా అరిసెల మీద నడిపించిన రోజే ఎవర్నీ పిలవలేదు. దిష్టి తగులుతుంది."

"జరగండి అత్తయ్యా," అంది ఇంద్రజ.

"నీకేమైనా మతి పోయిందా అమ్మాయ్?"

"వాళ్ల పాప పెదవి చిట్లిందట అత్తయ్యా."

ఇంద్రజ తలుపు తోసింది. రెబెక్కా బూట్లు ఊపుతూ, ముద్దుగా పిలుస్తూ లోపలికి వంగింది.

పరుపు మీది బాబుకి ఇంకా మెడ నిలవలేదు.