చివరి బిట్టు

“ఇవి ఎవరి అడ్రసులు?” ఎస్సై లాఠీ కొసను బోర్డు మీద ‘అడ్రసులు’ అన్న మాట కింది అంకెలకు తాకించి అడిగాడు.

జగిత్యాలలో కొత్తగా తెరిచిన ఆ కంప్యూటర్ సెంటర్‌లో ఒక్కరూ నవ్వలేదు. నవ్వే రోజులు కావవి. పాఠం చెప్పే రాజమణి వాళ్ళ అన్న నారాయణ నక్సలైట్ల దళంలో ఉన్నాడని, అతని జాడ కోసం పోలీసులు ఆమె వెంటపడుతున్నారని అందరికీ తెలుసు.

“మనుషులవి కావు సార్. మెషీన్ మెమరీలవి,” అన్నది రాజమణి.

లాఠీకి మెమరీ సంగతి ఏం తెలుస్తుంది పాపం! బోర్డు మీది అంకెలన్నీ కాగితం మీద ఎక్కించుకున్నాడు. గదిలో ఒక్కొక్కరినీ పేరూ ఊరూ అడిగాడు. ముత్యం దగ్గరికి వచ్చేసరికి విసుగెత్తిందేమో, ఏమీ అడక్కుండానే వెళ్ళి జీపెక్కాడు. అంతసేపూ నిటారుగా నిలబడ్డ ముత్యం అప్పుడు కూర్చున్నాడు.

ముత్యం సిరిసిల్లవాడు. ఎండాకాలంలో వచ్చి చేరాడు. పిల్లవాడు చురుకు అని రాజమణి పాఠాలతో పాటు తన సొంత పని కూడా అప్పగించింది. ప్రోగ్రాంను ఒక్కో లైనూ చదివి, చెప్పినట్టు చేసే ఇంటర్‌ప్రెటర్ ఒకటి ఆమె తయారుచేస్తోంది. మొదట్లో అది చిన్న అంకెకూ, అవును కాదు అనే మాటకూ కూడా మెమరీలో ఓ గది కట్టి, ఆ విలువ ఉండాల్సిన డబ్బాలో ఆ గది అడ్రసు మాత్రమే పెట్టేది. పాత మెషీన్ కదా, గదులు నిండి ఉన్నపళంగా ఆగిపోయేది. ఇప్పుడు ఆ పద్ధతంతా మార్చి, చిన్న విలువలను నేరుగా డబ్బాలోనే పెడుతున్నారు.

“పైకి రెండూ అంకెలే గదక్కా. ఏది అడ్రసు, ఏది విలువ అని ఎట్ల తెలుస్తది?” అని ముత్యం ఒకరోజు అడిగాడు.

“చివరి బిట్టు, అంటే చిట్టచివరి ఒకటో సున్నానో, చూడాలె తమ్మీ. ఒకటైతే విలువ, సున్నా అయితే అడ్రసు. అది చూడకుంటే ముందున్నదంతా తప్పు చదువుతవు.”

పాత కోడు ఎక్కడో ఒకచోట ఆ బిట్టు చూడకుండా, విలువనే అడ్రసనుకుని లేని గదికి పరుగెత్తేది. మెషీన్ బిగుసుకుపోయేది. అలాంటి చోట్లు వెతికి పట్టుకోవడం ముత్యం పని. వెతకడంలో అతనికి ఓపిక ఎక్కువ. పని కాగానే ఎస్టీడీ బూత్‌కు వెళ్ళేవాడు. రోజూ ఫోన్ చేయకుంటే ఊరుకోరు అనేవాడు.

ఎస్సై వచ్చిపోయిన ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక రాజమణి తలుపు దగ్గరికి వేసింది. ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“తమ్మీ, మా అన్న అడివిల లేడు. కోరుట్లల మా మేనత్త నాగవ్వ ఇంట్ల ఉన్నడు. మలేరియా, లేచి నిలబడ్తలేడు. నిలబడంగనే పదిమంది ముంగట లొంగిపోతా అంటున్నడు. గంతల పోలీసోళ్ళకు దొరికితే బతకనియ్యరు. నా ఎన్క ఎవర్నో పెట్టిన్రు, నేను పోలేను. గీ మందులు నువ్వు ఇచ్చి రా.”

పట్టుబడ్డవాళ్ళ పేర్లు మర్నాడు పేపర్లో ఎదురుకాల్పుల కింద రావడం ముత్యానికి బాగా తెలుసు. మందుల సంచీ అందుకుని కోరుట్ల బస్సెక్కాడు.

నాగవ్వ ఇంటి వెనక గదిలో, దుప్పటి మీద దుప్పటి కప్పుకుని కూడా నారాయణ వణుకుతున్నాడు. మందు మింగి, ముత్యం చెయ్యి పట్టుకుని వదల్లేదు.

“మా చెల్లె నిన్ను సొంత తమ్ముడనుకుంటది,” అన్నాడు.

ముత్యం చెయ్యి విడిపించుకుని గబగబా బయటికొచ్చాడు. బస్టాండు దగ్గర బూత్‌లో దూరి రోజూ కలిపే నంబరే కలిపాడు. అవతల ఫోనెత్తారు.

“సార్, కానిస్టేబుల్ ముత్యం మాట్లాడుతున్న, నారాయణ అడ్రసు దొరకలే.”