కొండముచ్చు పెట్టిన పళ్ళు

పోయిన పండక్కి మిఠాయిలు మెక్కి మెక్కి అడవిలో పిల్లలందరికీ పళ్ళు పుచ్చిపోయాయి. వాటిని పీకలేక పళ్ళ డాక్టరు వడ్రంగిపిట్టకి ముక్కు అరిగిపోయింది.

"ఈసారి గుమ్మంలోకి వచ్చిన పిల్లలకి ఎవరైనా మిఠాయిలు పెట్టారో, వాళ్ళ నెత్తి మీద పొడుస్తాను. పళ్ళు పెట్టండి, చాలు," అని చెట్టుచెట్టుకీ తిరిగి చెప్పింది.

పండగ రోజు పిల్లలు సంచులు పట్టుకుని ఇంటింటికీ బయల్దేరారు. ఎలుగుబంటి సీతాఫలాలు పెట్టింది. కుందేలు రేగుపళ్ళు పోసింది. కొండముచ్చు మాత్రం అప్పటికే కుండెడు బెల్లం ఉండలు చుట్టుకుని కూర్చుంది. పిల్లలు తలుపు కొట్టగానే ఓరగా తీసి, నోరంతా తెరిచి ఇకిలించింది.

"పళ్ళే కదా, ఇవిగో! తనివితీరా చూసుకోండి. డాక్టరమ్మ మాటంటే మాటే!"

పిల్లలు మొహాలు వేలాడేసుకుని వెళ్ళిపోయారు. కొండముచ్చు తలుపేసుకుని, "ఇంత మంచి రూలు ఇన్నేళ్ళూ ఎందుకు పెట్టలేదో!" అనుకుంటూ కుండంతా ఖాళీ చేసింది. మర్నాడు ఇంకో కుండ నింపుకుంది. ఏడాది పొడుగునా అదే పని.

మళ్ళీ పండగొచ్చింది. పిల్లలు తలుపు కొట్టారు. దవడకి గుడ్డ కట్టుకున్న కొండముచ్చు అలవాటు కొద్దీ నోరు తెరిచింది. లోపల చిగుళ్ళు తప్ప ఇంకేం లేవు.

ఉడతపిల్ల మునివేళ్ళ మీద లేచి, ఆ నోట్లోకి తొంగిచూసి, జాలిగా అడిగింది.

"అయ్యో మామా, మేం వచ్చేలోపే పళ్ళన్నీ పంచేశావా?"