ఒక్క గీత

"ఇంకొక్కసారి ఆపి పెట్టమన్నావంటే ఈ మోడెమ్‌ను నీ సంచిలో కుక్కి, నిన్ను వచ్చిన బస్సే ఎక్కిస్తాను" అంది నికొలాసా.

వ్లాదిమిర్ స్విచ్చి మీది నుంచి చేయి తీశాడు. ఇంటర్నెట్ కంపెనీలో చేరి రెండు నెలలైంది. ఒరూరో పట్నం నుంచి నాలుగు గంటలు దుమ్ము మింగి ఈ కొండమీది ఊరికి వచ్చాడు.

"పద్ధతి ప్రకారం మొదట అదే చెయ్యాలమ్మా."

"ఫోన్లో మాట్లాడే మీ ఆఫీసు పిల్ల ఆ పద్ధతి నాచేత పదకొండుసార్లు చేయించింది. ఆపండి, ముప్పై లెక్కపెట్టండి, పెట్టండి. ఇలా రా."

చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్లింది. కంపెనీవాళ్లు కొత్త సంవత్సరానికి పంచిన క్యాలెండరు అక్కడ వేలాడుతోంది. ఆగస్టు కాగితం నిండా పెన్సిలుతో కొట్టేసిన గళ్లు.

"సిగ్నల్ రాని రోజులు. లెక్కపెట్టుకో, నీకు అలవాటేగా."

వాకిట్లో తీగ మీద దుప్పట్లు ఆరేస్తున్న ఆడవాళ్లు నవ్వారు. నికొలాసా నవ్వలేదు.

"పన్నెండింటికి లాపాజ్ నగరంలో దుప్పట్ల కొట్టు ఆవిడ వీడియోలోకి వస్తుంది. నలభై దుప్పట్లూ రంగు రంగూ చూస్తుందట. పోయిన వారం మా మొహాలే గళ్లుగళ్లుగా కనబడ్డాయి, ఇక రంగులేం కనబడతాయి? ఈరోజూ అంతే అయితే పని పక్క ఊరికి ఇచ్చేస్తానంది. పదిహేడిళ్లు ఆరు నెలలు నేశాయి ఇంజినీరూ. ఇప్పుడు పదకొండు దాటింది."

వ్లాదిమిర్ సిమ్ము తీసి చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాడు. మోడెమ్‌ను కిటికీలోకి మార్చాడు. నాలుగు గీతల చోట ఒక్క గీతే వెలిగింది. తన ఫోను పట్టుకుని వాకిట్లోకి వెళ్లాడు. అందులో మూడు గీతలు.

"టవర్ తప్పేం లేదమ్మా."

"అంటే తప్పు నాదా?"

"పైన చూడాలి."

దుప్పట్లు ఆరేస్తున్నవాళ్లలోంచి బసీలియా వచ్చి నిచ్చెన పట్టుకుంది. అతను రేకుల మీదికి ఎక్కి యాంటెన్నాను ఎదురుకొండ మీది టవర్ వైపు సరిగ్గా తిప్పాడు.

"ఇప్పుడు?"

"ఒకటే!" లోపలి నుంచి నికొలాసా అరిచింది.

కేబుల్ పిన్ను విప్పాడు. గోటితో గీకి వాసన చూశాడు. దిగొచ్చేసరికి మొహంలో పాత వినయం లేదు. పిన్ను తెచ్చి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. చిలుము పట్టి ఆకుపచ్చగా ఉంది. గోధుమరంగు జిగురు గట్టిపడింది. ఆ జిగురులో గులాబీరంగు కాగితం ముక్క ఒకటి.

"ఇది వానకు పట్టింది కాదు. బీరు. పైగా పండక్కి చల్లే రంగుకాగితాలు. యాంటెన్నాకు బీరు పోశారా మీరు?"

"మేమా?"

"మీ కొండవాళ్లు కొత్తది ఏది కనబడినా శుభమని బీరు పోస్తారు. ట్రక్కుకు పోస్తారు, పొయ్యికి పోస్తారు."

"మీ అమ్మ పొయ్యదా?"

"పోస్తుంది. చక్రానికి పోస్తుంది, ఇంజన్లో పొయ్యదు!"

"మాటలు తిన్నగా రానీ. ఈ నెల మొదట్లో భూమాతకు పోశాం, వాకిట్లో, నేలకు. మాలో ఆ రేకులెక్కిన ఆడది లేదు."

వ్లాదిమిర్ వినలేదు. సంచిలోంచి ఒక ఫారం తీసి బల్ల మీద పరిచాడు. అడుగున జనరల్ మేనేజరు పేరు, సంతకం ముందే అచ్చువేసి ఉన్నాయి. ఫారం పక్కనే తెరిచిన సంచిలో కవరు విప్పని కొత్త పిన్ను మెరుస్తోంది.

"అది ఉందిగా, బిగించు" అంది బసీలియా.

"సామాను చెడితే ఇప్పుడే మారుస్తాం. వాడేవాళ్లు చెడగొడితే ఒరూరో ఆఫీసుకొచ్చి దరఖాస్తు పెట్టుకోవాలి. పదిహేను రోజులు."

"పన్నెండింటికి ఆవిడ వస్తుందయ్యా!"

"యాంటెన్నా మీద సీసా ఒంపేటప్పుడు ఉండాల్సింది ఆ భయం." పెన్ను తీశాడు. "చదువుకోని మనిషి చేసిన పని. మోటుపని. ఎవరు పోశారు? పేరు చెప్పండి, ఇక్కడ రాయాలి."

వాకిట్లోని ఆడవాళ్లు గుమ్మం దగ్గరికి వచ్చారు.

"అక్కా" బసీలియా మెల్లగా అంది, "పోయినేడు దీన్ని పెట్టిన రోజు పెద్దమనిషిగా నిలబడి మొదటి సీసా విప్పింది ఎవరే?"

నికొలాసా గోడ దగ్గరికి నడిచింది.

"మళ్లీ ఆ గళ్లు లెక్కపెట్టమనకండి" అన్నాడు వ్లాదిమిర్. "నాకు పేరు కావాలి."

ఆమె ఆగస్టు ఎత్తింది. జూలై, జూన్, మే ఎత్తింది. ఫిబ్రవరి దగ్గర ఆగి, కాగితం మీద వేలు ఆనించింది.

"పేరు బొమ్మ కిందే ఉంది. నువ్వు చదువుకున్నవాడివి. చదివి రాసుకో."

అతను వంగి చదివాడు. బల్ల దగ్గరికొచ్చి ఫారం అడుగున చదివాడు. మళ్లీ వెళ్లి బొమ్మ చూశాడు. తర్వాత ఫారాన్ని నాలుగు మడతలు వేసి జేబులో కుక్కుకున్నాడు. కొత్త పిన్ను పళ్లతో పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా నిచ్చెన ఎక్కాడు.

ఫిబ్రవరి కాగితం మీద, ఇదే కప్పు పైన, మెడ నిండా రంగుకాగితాల దండలతో, బీరు సీసాను యాంటెన్నా మీద బోర్లించి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు వాళ్ల కంపెనీ జనరల్ మేనేజరు.