గ్రూపులో అడిగిన ఆకు

“నాన్నా, ఈ ఆకు చూడు. మందు కొట్టాల్నా, మడిలో నీళ్లు తీసేయాల్నా? ఒక్క మాట చెప్పు.”

గోపీకృష్ణ మంచం మీదున్న తండ్రి ముందు ఫోన్ పెట్టాడు. పక్షవాతం వచ్చి తొమ్మిది రోజులైంది. కోటిలింగం పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

ఫోన్‌లో మోక ఊరి రైతు భీమప్ప పంపిన వాయిస్ మెసేజ్ మళ్లీ మోగింది. “ఏందప్పా గోపీ, దుడ్డు కట్టి చేరినాం గదా. మడంతా ఎర్రగయితాండాది. జవాబు యాడ?”

“సిరిగేరి వరి వాట్సాప్ గ్రూపు నడపతాండేది నువ్వే గదా. నువ్వే చెప్పు,” అంది గోపీకృష్ణ భార్య సుష్మ.

“నాకేం తెలుసు? నాన్న పొలం నుంచి వచ్చి చెప్పిందే రోజూ టైపు చేసి పెడతాంటి.”

“నాలుగొందల మందికీ?”

అతను ఫోన్‌ను తండ్రి చేతికి ఇంకా దగ్గరగా జరిపాడు.

కోటిలింగం ఎడమచెయ్యి మెల్లగా లేచింది. ఏ ఆకునైనా వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాకే ఆయన మాట చెప్పేవాడు. ఇప్పుడూ బొటనవేలితో నలపబోయాడు. తెర మీద ఆకు పక్కకు జారి, ఇంకో రైతు ఆకు వచ్చింది. దాన్నీ నలిపాడు. మరొకటి వచ్చింది.

ఆయన తన వేళ్లను వాసన చూసుకున్నాడు. ఏమీ తెలియక, కొడుకు ముఖంలోకి చూశాడు.